ఏడో నంబరు రక్తం

“నీ పరీక్ష తప్పు. ఏడో నంబరు ఎలా వెలుగుతోందో చూశావా?” అన్నాడు పెద్దసారు, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే.

“వెలిగిందంటే జబ్బు ఉన్నట్టే సార్,” అంది ఎదురుగా నిలబడ్డ అమ్మాయి.

లాబ్‌లో ఆ అమ్మాయిని అందరూ మొండిఘటం అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. అదేదో ఎవరో ఇచ్చిన బిరుదైనట్టు ఆమె కూడా పలుకుతుంది. మూడేళ్ళు కిటికీ లేని గదిలో కూర్చుని ఒక పరీక్ష తయారుచేసింది. గాజుపలక మీద పెంచిన నరాల కణాల మీద మనిషి రక్తం తేట ఒక్క చుక్క వేసి, రంగు కలిపి చూస్తుంది. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి, సొంత నరాల ప్రోటీన్‌నే శత్రువనుకుని పీకడం మొదలుపెడితే ఆ కణాలు పచ్చగా మెరుస్తాయి. లేకపోతే కటిక చీకటి.

ఆ జబ్బు ముదిరితే మనిషి చెంచా కూడా ఎత్తలేడు. మొదట్లోనే పట్టుకుంటే మందులకి లొంగుతుంది. సాయంత్రం అయిదులోగా పెద్దసారు సంతకం పెడితే పరీక్ష ఆస్పత్రికి వెళుతుంది. పెట్టకపోతే చెత్తబుట్టకి.

చిక్కల్లా ఏడో నంబరుతోనే వచ్చింది. నలభైమంది రోగుల రక్తాలూ వెలిగాయి, బాగుంది. పోల్చిచూడటానికి పెట్టిన ఇరవైమంది ఆరోగ్యవంతుల్లో పందొమ్మిది చీకటిగానే ఉన్నాయి. ఏడోది మాత్రం సినిమాహాలు బోర్డులా వెలుగుతోంది.

“ఆరోగ్యవంతులకి కూడా వెలిగే పరీక్ష దేనికమ్మా? గోడకి తగిలించుకోవడానికా?”

“వాళ్ళు ఆరోగ్యవంతులని ఎవరన్నారు సార్?”

“కాగితం మీద టిక్కు పెట్టారు కదా.”

“పెట్టుకున్నది వాళ్ళే. మనం ఒక్కరినైనా డాక్టరుకి చూపించామా? మెట్లెక్కి పైకి వచ్చినవాళ్ళందరూ ఆరోగ్యవంతులే అనుకున్నాం.”

ఆ మాట నిజమే. బయట ఎక్కడ వెతుకుతాంలే అని లాబ్‌వాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ తలా ఒక చెయ్యి చాపారు. ఆ వారం తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చిన ఎవరి మరదలో కూడా రక్తం ఇవ్వకుండా గుమ్మం దాటలేకపోయింది. పేరు తెలిస్తే చూసేవాళ్ళ కన్ను ఎటో ఒకవైపు మొగ్గుతుందని, పేర్లు తీసేసి నంబర్లు వేశారు. ఎవరి నంబరు ఏదో రాసిన కాగితం ఒక్కటే ఉంది. అది స్టోరు మామయ్య బీరువాలో సీలు వేసిన కవరులో ఉంది.

ఆ ఇరవైమందిలో పెద్దసారు భార్య కూడా ఉందని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. నెలరోజులుగా ఆవిడ చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నాయి. నిన్నటితో నాలుగు. పొద్దుట్నుంచీ ఈయన పరీక్షకి వంకలు వెతుకుతున్నది అందుకే. పరీక్ష తప్పయితే ఆవిడ చెయ్యికి ఏమీ లేనట్టే.

“మళ్ళీ చెయ్యి,” అన్నాడు.

“నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ ఏడే వెలిగింది.”

“రంగు పాతదేమో.”

“పొద్దున్నే కొత్త సీసా తెరిచాం. మూత బిగుసుకుపోతే తిప్పింది మీరే.”

“పలక మురికేమో.”

“ఇంకాసేపుంటే కరెంటువాళ్ళదే తప్పంటారు. కవరు విప్పండి సార్. ఏడో మనిషి ఎవరో చూసి, పిలిచి అడుగుదాం. కాలో చెయ్యో మొద్దుబారుతోందంటే మీరు సంతకం పెట్టాలి. ఏమీ లేదంటే ఈ పలకలన్నీ నేనే పగలగొడతాను.”

“ఎవరైనా సరేనా?”

“ఎవరైనా సరే. జబ్బుకి మొహమాటం లేదు, నా పరీక్షకీ లేదు.”

స్టోరు మామయ్య కవరు పట్టుకుని వచ్చాడు. ఆయన లాబ్ మొత్తానికీ మామయ్యే, ఏ వరసన అని ఎవరూ అడగలేదు. “ఇద్దరూ పుస్తకంలో సంతకం పెడితేనే ఇస్తాను. మా ఆవిడ అడిగినా ఇంతే,” అన్నాడు.

“మీ ఆవిడ ఎందుకడుగుతుంది మామయ్యా?” అంది మొండిఘటం, సంతకం గిలుకుతూ.

“అడగదనే ధైర్యంతోనే కదమ్మా అంటున్నాను.”

పెద్దసారు కవరు చించాడు. చూపు తిన్నగా భార్య పేరు మీదికి పోయింది. పదహారు. చీకటిగా, చక్కగా ఉన్న పదహారు. కుర్చీలో వెనక్కి వాలి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ గ్లాసులు పగలగొట్టేది ఒట్టి పరాకుతోనే అన్నమాట. పోతూ పోతూ దారిలో డజను గ్లాసులు కొనుక్కుపోవాలి, తీరిగ్గా పగలగొట్టుకుంటుంది.

అప్పుడు ఏడో వరస చూశాడు. మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

“తప్పేనమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ పరీక్ష తప్పే. వదిలెయ్.”

“ఇలా ఇవ్వండి,” అని మొండిఘటం కాగితం లాక్కుంది. చదివింది. మడత చెదరకుండా కవరులో పెట్టి మామయ్య చేతికిచ్చింది. తర్వాత ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి పెద్దసారు ముందుకు తోసింది.

“మాట మాటే సార్, సంతకం పెట్టండి. రెండు నెలలుగా ఎడమకాలి చెప్పు దారిలో ఊడిపోయినా తెలియడం లేదు, చెప్పులే వదులనుకున్నాను,” అంది ఏడో నంబరు.