పండగ పూట షూటింగ్

"షాట్ ఎలా వచ్చింది ఆల్వార్?"

ఆల్వార్ తలెత్తి మార్గిత్‌ను ఓసారి చూసి, మళ్లీ కెమెరాలో తల దూర్చాడు.

ఆమె నటించిన ప్రతి సినిమాకూ కెమెరా అతనే. షాటయ్యాక అతను "బాగుంది" అంటేనే ఆమెకు ముద్ద దిగేది. అరవైలో పడ్డాక, మొదటిసారి తానే దర్శకురాలైంది. ఈ వయసులో ఇదేం సరదా అని స్టాక్‌హోమంతా నవ్వుతోంది. సరిగ్గా ఇప్పుడే ఆ ఒక్క మాటా కరువైంది.

అతనికి కోపం రాదూ మరి. నడివేసవి పండగ పూట స్వీడన్‌లో ఎవరైనా పని పెడతారా? ఊరంతా సరస్సు ఒడ్డున ఊరవేసిన చేపలూ కొత్త బంగాళాదుంపలూ తింటూ పాడుకుంటుంటే, ఈ వెలుతురు మళ్లీ దొరకదని ఈమె అందరినీ పచ్చికలోకి ఈడ్చుకొచ్చింది. దానికి తోడు, వెలుతురు చూసొస్తానని వెళ్లిన ఆల్వార్ మోకాలి దగ్గర ప్యాంటు చింపుకుని వచ్చాడు. అప్పటినుంచీ నోట మాట లేదు.

రాత్రయినా సూర్యుడికి మాత్రం దిగాలన్న తొందరే లేదు. గడ్డి మీద పొగమంచు తేలుతోంది. అందులో నడుస్తుంటే ఎవరి కలలోనో తిరుగుతున్నట్టుంది.

ఈ పండగ రాత్రి ఆచారం ప్రకారం, సినిమాలో పెళ్లికాని పిల్ల ఏడు కంచెలు దూకి, ఏడు రకాల పూలు కోసి, దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. కలలో వచ్చినవాడే మొగుడు. తెల్లారేలోగా పెదవి విప్పిందా, అంతా వృథా. ఆ వేషం వేసిన తూవా రెండో కంచె దగ్గరే కిసుక్కున నవ్వింది.

"నోరు మూసుకుని కోయవే తల్లీ."

"దోమల్ని కూడా మూసుకోమనండి, మేడమ్."

చివరికి తూవా చడీచప్పుడు లేకుండా పొగమంచులో కలిసిపోయింది. మార్గిత్‌కు కళ్లు చెమర్చాయి.

"బాగోలేకపోతే బాగోలేదను ఆల్వార్. ఏదో ఒకటి అను."

అతను కెమెరా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"పండగ భోజనం పోగొట్టారుగా, అలిగాడు" అంది తూవా. "పాపం, పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ కెమెరానే కట్టుకున్నాడు."

మార్గిత్‌కు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. భర్త పోయాక ఆమెకు మిగిలింది సినిమా ఒక్కటే. అదీ చేతకాదని తేలిపోయిందనుకుంది.

పొద్దున సత్రంలో ఆల్వార్ ఎదుట కూర్చుని చెప్పేసింది.

"నేను మానేస్తున్నాను. నీకు నచ్చని సినిమా నాకొద్దు."

"నచ్చలేదని ఎవరన్నారు? నా జన్మలో అంత మంచి షాట్ తీయలేదు."

"ఆ ముక్క నిన్న అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

ఆల్వార్ చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి నలిగి వాడిపోయిన పూలు తీసి ఆమె కప్పు పక్కన పెట్టాడు.

"నోరు విప్పితే నువ్వు కలలోకి రావుగా. ఏటా దూకుతూనే ఉన్నాను మార్గిత్, ప్యాంటు చిరగడం ఒక్కటే ఈసారి కొత్త."