మాట్లాడే పద్ధతి

“మొట్టమొదట, ఏడవకూడదు,” అన్నాడు తమ్ముడు. “ఏడిస్తే ఎదుటివాడికి జాలి పుడుతుంది గానీ మాట చెవికెక్కదు.”

టైలరక్క గబగబా కళ్లు తుడుచుకుంది. కుట్టమని ఎవరో ఇచ్చిన జాకెట్టు గుడ్డతోనే తుడుచుకుంది పాపం, చేతికి అదే అందింది.

ఆదివారం మధ్యాహ్నం. ఆమె కొట్లో కుట్టుమిషన్లు గోడకు జరిపి వీధి జనమంతా సర్దుకుని కూర్చున్నారు. చోటు చాలనివాళ్లు గుమ్మంలో నిలబడ్డారు.

విషయం చిన్నది కాదు. దేశంలో రోడ్లు, రైళ్లు, రేవులు ఎక్కడెక్కడ రావాలో ప్రభుత్వం కొత్త విధానం రాస్తోంది. అందులో సరుకు రైళ్ల యార్డు ఒకటి సరిగ్గా ఈ వీధి నెత్తిన పడింది. విధానం ఖాయమైతే వీధి ఉండదు. ఈ కొట్టూ, వెనకున్న వంటిల్లూ, పైనున్న గదీ ఏవీ ఉండవు.

ఒకటే ఆశ. ఖాయం చేసేముందు అక్కడ బతికేవాళ్లను అడిగి తీరాలని చట్టం. ఒక అధికారి స్వయంగా వాళ్లతో కూర్చుని, వాళ్ల మాట విని పైవాళ్లకు చెప్పాలి. అది జరగకుండా సంతకం పడదు. ఈ సంగతి చెప్పింది కూడా తమ్ముడే. ఆ విధానం రాసే ఆఫీసులోనే అతని ఉద్యోగం.

“మనవాడు లోపలుండగా మనకేం భయం?” అని వీధంతా కొండంత ధైర్యంతో ఉంది. అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. వాణ్ణి చూస్తే ఇప్పటికీ ఆవిడ కడుపు నిండుతుంది. ఒకసారి వచ్చి మాట్లాడే పద్ధతి నేర్పి వెళ్లమని ఫోన్లో బతిమాలింది. సెలవు రోజు చూసుకుని వచ్చాడు.

“నేనే ఆ అధికారిననుకోండి,” అంటూ బల్ల వెనక్కి కుర్చీ జరుపుకున్నాడు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. “ఇందులో రికార్డు చేస్తా. మీ మాట మీరే వింటే తప్పులెక్కడో తెలుస్తాయి. ముందు పేరు చెప్పాలి, తర్వాత ఏం పని చేస్తారో చెప్పాలి. ఊఁ, కానివ్వండి.”

సైకిల్ మెకానిక్ లేచాడు. వీధిలో అతన్ని మైకు అంటారు. గొంతు అలాంటిది.

“మా శవాల మీద కట్టుకోండి మీ యార్డు!”

కప్పు ఎగిరిపోలేదంతే.

“అదిగో, అదే వద్దన్నాను మామయ్యా. అది బెదిరింపు కిందికొస్తుంది. అలా అన్నవాడి మాట లెక్కలోకే తీసుకోరు. ‘అభివృద్ధికి మేం అడ్డం కాదు’ అని మొదలుపెట్టు. అప్పుడు వింటారు.”

మైకు గొంతు సవరించుకున్నాడు. “అభివృద్ధికి మేం అడ్డం కాదండీ.”

“భేష్!”

అందరూ చప్పట్లు కొట్టారు. అంత లావు మనిషీ పెళ్లికొడుకులా సిగ్గుపడి కూర్చున్నాడు.

తర్వాత నర్సమ్మ. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైంది. “నేనెక్కడికీ కదల్ను బాబూ. ఈ వయసులో నన్నెక్కడికి తోలతారు?”

“కదలనంటే తలుపు మొహాన వేసినట్టుంటుంది పిన్నీ. ‘వేరే చోటు చూపిస్తే ఆలోచిస్తాం’ అను. అన్నంత మాత్రాన వెళ్లిపోతామా ఏంటి? పెద్దమనిషి తరహాగా ఉంటుంది, అంతే.”

నర్సమ్మ బడిపిల్లలా అప్పజెప్పింది. తడబడితే మళ్లీ చెప్పించాడు. ఓపిక గలవాడు, విసుక్కోలేదు. ఒక్కొక్కరే లేచారు, ఒక్కొక్కరే దారికొచ్చారు. వీధికి ఇంత మర్యాద ఉందని వీధికే తెలియదు.

చివరికి అక్క వంతు వచ్చింది.

“ఒరేయ్, అందరిచేతా ఇన్ని చెప్పిస్తున్నావు గానీ, ‘వద్దు’ అనే ముక్క అననే కూడదా?”

“అసలు రోజున అందువు గానిలే అక్కా, ఎంత గట్టిగా అంటావో. ముందు మంచిగా మాట్లాడటం రావాలి కదా. ‘ప్రభుత్వం మాకు మంచే చేస్తుందని మా నమ్మకం’ అను.”

“ప్రభుత్వం మాకు మంచే...” అంటూనే అక్క ఫక్కున నవ్వేసింది. “నీ ముందు నిలబడి చేతులు కట్టుకోవడం నావల్ల కాదురా!”

కొట్టంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు.

“నవ్వకుండా ఇంకోసారి,” అన్నాడు.

అక్క చీర కొంగు సర్దుకుంది. వాడి కళ్లలోకి చూస్తూ, తడబడకుండా, ఎంతో మర్యాదగా చెప్పింది. తమ్ముడు ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

వెళ్లేటప్పుడు కారుదాకా సాగనంపింది. “ఎప్పుడొస్తారట్రా?”

“కబురొస్తుందిలే.”

“వచ్చే ఆయన ఎలాంటివాడో ఏమిటో. నాకైతే గుండె దడదడలాడుతోంది.”

“మంచివాడే అక్కా. అందరి మాటా ఓపిగ్గా వింటాడు.”

అక్క మనసు తేలికపడింది. మర్నాడు పొద్దున్న కొట్టు తెరవగానే, గిరాకీ లేని వేళ చూసి, అద్దం ముందు నిలబడి ఆ మిగిలిన ఒక్క మాటా అని చూసుకుంది. “వద్దండీ.” గొంతు వణికింది. “మాకు వద్దండీ.” ఈసారి కుదిరింది. తన గొంతు తనకే నచ్చింది.

సరిగ్గా అప్పుడే రాజధానిలో ఆఫీసు తలుపులు తెరిచారు. “ఆ యార్డు మీద సంతకానికి ఇంకా ఏమిటయ్యా అడ్డం?” అని కసిరాడు పైఅధికారి.

“ఏమీ లేదు సార్,” అన్నాడు తమ్ముడు, “వాళ్ల మాట వినే అధికారిగా మీరు నన్నే వేశారు కదా, నిన్న వెళ్లి అందరి మాటా విన్నాను, ఒక్కరు కూడా వద్దనలేదు.”