కిలుంగు కొండ మీద జంట

“ఒక్క ఈల, అన్నా! చెట్టుచాటు నుంచి ఒక్కటంటే ఒక్కటి వేస్తే నీ సొమ్మేం పోయింది?”

చెల్లెలు మ్కావాసి ఎంత బతిమాలినా కిలాలో కరగలేదు. కిమాంగా ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

“నోర్ముయ్! దారి చూపేవాడు పిట్టకూత కూయకూడదని ఆ డాక్టరమ్మ ముందు ఒట్టేశాను. పిట్ట ఉంటే అదే పలుకుతుంది. లేకపోతే లేదు.”

“లేదంటే మన కొండే ఉండదు.”

“నాకు మాత్రం తెలీదా?”

కిలాలో అబద్ధం ఆడమంటే నాలుక కోసుకునే రకం. చిన్నప్పుడు మేక తప్పిపోతే, ఎవరూ అడక్కముందే నాన్న చేతికి బెత్తం తెచ్చిచ్చాడు. అలాంటివాడితో వాదించే బదులు గోడకు చెప్పుకోవడం నయం.

నైరోబీ నుంచి వచ్చిన పక్షుల పరిశోధకురాలు డాక్టర్ నేకేసా ఊరివాళ్ల ముందు పటం పరిచి అంతా చెప్పింది. ఎండలు ముదురుతున్నాయి. బొటనవేలంత నల్లగొంతు పిట్ట చల్లదనం వెతుక్కుంటూ ఏటికేడు పైకి ఎక్కుతోంది. ఇప్పుడు కొండకొమ్ముకు చేరింది. ఆపైన ఇక ఆకాశమే. కిలుంగు, మ్వారి కొండల్లో ఒక్కదాన్నే రక్షిత అడవిగా నిలబెట్టి, దాని చుట్టూ మళ్లీ చెట్లు పెంచే వీలుంది. పిట్ట ఎక్కడ నిలదొక్కుకుంటే ఆ కొండకే ఆ భాగ్యం. రెండోది యూకలిప్టస్ తోటలవాళ్ల పాలవుతుంది.

మ్వారి మీద పోయిన నెల ఒక పిట్ట పలికింది. ఒకే ఒక్కటి. కిలుంగు మీద రెండు వానాకాలాలుగా ఉలుకూ పలుకూ లేదు.

ఊరికి నీళ్లిచ్చే ఊట కిలుంగు అడవిలోనే ఉంది. ముత్తాతల పుర్రెలు దాచిన రాతిగుహ కూడా అక్కడే. ఆ పుర్రెల మీద యూకలిప్టస్ ఆకులు రాలడం మ్కావాసి తలుచుకోలేకపోయింది.

మర్నాడు పొద్దుపొడిచే వేళకు డాక్టరమ్మ రికార్డరు పట్టుకుని కొమ్ము మీది బండ ఎక్కి కూర్చుంది. ఉత్తరం వైపు పొదల దగ్గర చెవి ఒగ్గి ఉండమని కిలాలోను పంపింది. మ్కావాసి పుల్లలకు వచ్చినదానిలా దక్షిణపు లోయలోకి దిగి నక్కింది.

ఆడది ఈల వేస్తే పాముల్ని ఇంటికి పిలిచినట్టేనని వాళ్లలో అంటారు. అయినా మేకలు కాసే రోజుల్లో నాన్న ఆమెకు దొంగచాటుగా నల్లగొంతు పిట్ట కూత నేర్పాడు. “మీ అన్నకు చెప్పకే, వాడి నోట్లో నువ్వుగింజ నానదు,” అని నవ్వాడు. ఇన్నేళ్లలో ఆమె ఎవరికీ చెప్పలేదు.

రెండు వేళ్లు పెదవుల మధ్య పెట్టుకుంది. సాగదీసిన కూతలు, చివర ఒక చిన్న విరుపు. మంచులో ఆకు కదల్లేదు. మళ్లీ వేసింది. ఏమీ లేదు. తన వెర్రికి తానే ఏడవబోతూ ఇంకోసారి వేసింది.

కొండ అవతల నుంచి బదులు వచ్చింది. అదే సాగదీత, అదే విరుపు.

మ్కావాసి గబగబా వేళ్లు పెదవుల మధ్య పెట్టుకుంది. మళ్లీ ఈల వేసింది. మళ్లీ బదులు వచ్చింది.

“బతికే ఉన్నావటే తల్లీ!” భుజం మీది గుడ్డ నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం చర్చి ముందు ఊరంతా చేరింది. నేకేసా మొహం వెలిగిపోతోంది.

“ఒకటి కాదు, జంట! ఇటునుంచి ఒకటి పిలుస్తుంటే అటునుంచి ఇంకొకటి పలుకుతోంది. గూడు కట్టినా కట్టొచ్చు!”

పటం మీద కిలుంగు చుట్టూ ఆకుపచ్చ గీత గీసింది. మ్వారిని కొట్టేసింది. ఆడవాళ్లంతా కేరింతలు కొట్టారు. కిలాలో మాత్రం తల దించుకుని నిలబడ్డాడు.

మ్వారి నుంచి వచ్చిన ముసలాయన టోపీ చేతుల్లో నలుపుకుంటూ ముందుకొచ్చాడు. “మరి మా పిట్టో, అమ్మా? అదొక్కత్తే ఉందిగా అక్కడ?”

“ఒక్క కొండనే కాపాడగలం తాతా. జంట ఉన్నచోటే పిల్లలు పుడతాయి.” నేకేసా ఆయన కళ్లలోకి చూడలేకపోయింది.

మ్కావాసి గుండె కలుక్కుమంది. అయినా సర్దిచెప్పుకుంది. తను కలిపింది ఒక్కటే. అక్కడా ఒకటుంది, ఇక్కడా ఒకటుంది. పాపమైతే సగం పాపమే.

నేకేసా జీపు కొండ దిగిపోయాక కిలాలో చెల్లెలి గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఏమైందన్నా? కొండ దక్కింది కదా, ఏడుస్తావేం?”

“ఒట్టు తప్పానే. దక్షిణపు లోయలో పిట్ట ఒక్కటే పలికింది, చెవులారా విన్నాను. ఒక్కటైతే మ్వారితో సమానమేగా, మనకు దక్కదేమోనని భయమేసింది.”

మ్కావాసి చేతిలోని చెంబు కింద పెట్టింది.

“దానికి బదులు పలికింది నేనే, చెల్లీ.”