సంతలో కొన్న పొడి

మదనపల్లె బస్టాండులో దిగగానే రామలక్ష్మమ్మ పక్కనున్న అంగట్లో స్టిక్కర్ బొట్ల అట్ట ఒకటి కొంది. అందులో పెద్దది తీసి నుదుటికి అతికించుకుంది. అంగడి అద్దంలో చూసుకుని, ఈ వయసులో ఈ సోకొకటి తక్కువైందని తనను తానే తిట్టుకుంది.

ఆసుపత్రి వరండాలో ఆమె ముందు తొమ్మిది మంది ఉన్నారు. అందరూ మగవాళ్ళే. దారి తప్పి వచ్చిందనుకుని నర్సు రెండుసార్లు ఆడ డాక్టరు గది చూపించింది.

డాక్టర్ భానుప్రకాశ్ కుర్రవాడు. తల ఎత్తకుండానే ఏమిటి సమస్య అని అడిగాడు.

“నాకు కాదు సార్. మా ఇంటాయనకు.”

కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, చూపుడువేలు చాచి, దాన్ని కొడవలిలా వంచి చూపించింది.

డాక్టరు నవ్వలేదు. దాంతో ఆమెకు ధైర్యం వచ్చింది.

చీటీ మీద రాయడానికి పేరు అడిగాడు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు. రాస్తే తప్పు లేదని ఆమె లెక్క. పెన్ను తీసుకుని, నాలుక కొరుక్కుంటూ ‘మునెప్ప’ అని రాసింది. ‘ప్ప’ దగ్గర చెమట పట్టింది. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు మరి. ఆ చదువుతో మొట్టమొదట ఆమె సాంతం చదివింది శనక్కాయల పొట్లం కాగితం. అందులో ఎవరో తన అంగం వంకర గురించి పేపర్లో జవాబులిచ్చే డాక్టరును అడిగాడు. సరస్వతీదేవి తనకిచ్చిన వరం ఇదా అని ఆ పూటంతా నవ్వుకుంది. ఆ తర్వాత నెల రోజులు కంటి మీద కునుకు లేదు.

“వయసెంతమ్మా?”

“నలభై ఆరు దాటలేదు సార్.”

డాక్టరు ఆమె నెరిసిన జుట్టు వైపు ఒకసారి చూసి రాసుకున్నాడు. షుగరు ఉందా అని అడిగాడు. పెద్దాసుపత్రిలో ఉందన్నారని చెప్పింది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అంటే, కాడెద్దు తన్నితే వారం రోజులు లేవలేదని చెప్పింది.

“ఇప్పుడు నొప్పి ఉందా?”

“ఇప్పుడేం నొప్పి లేదు సార్.”

“ఈ ఏడాదిలో వంకర పెరిగిందా?”

“పెరగలా.”

“మంచిది. మరి ఆయనెందుకు రాలేదు?”

“ఆయన యాడికీ రాడు సార్.”

మగవాళ్ళంతా ఇంతేనని డాక్టరు నిట్టూర్చాడు. రామలక్ష్మమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

“ముందు ఒక మాట సెప్పండి సార్. మందు పెడితే ఇట్లయితాదా?”

అప్పుడు మొత్తం చెప్పుకుంది. టమోటాలు కోయడానికి వచ్చిన ఒకామె మీద మునెప్ప కన్ను పడింది. రామలక్ష్మమ్మ పుంగనూరు సంతలో వేరుమందుల వాడికి గుడ్లు పెట్టే కోడినిచ్చి చిటికెడు పొడి కొంది. సంగటి ముద్దలో కలిపి పెట్టింది. మొగుడు పొట్టేలులా తన వెంటే తిరుగుతాడని వాడు చెప్పాడు. ఆర్నెల్లకు ఈ వంకర వచ్చింది. పొడి సంగతి బయటపడింది. మునెప్పను వాళ్ళక్క కుప్పం అవతల మందు కక్కించేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. కక్కిస్తే పొద్దున తిన్న సంగటి తప్ప ఏమీ రాలేదు. అయినా ఆనాటి నుంచి మునెప్ప ఆమె చేతి కూడు ముట్టలేదు. వాళ్ళక్క ఇంట్లోనే తిన్నాడు. ఆమె ఇస్తే మంచినీళ్ళు కూడా తాగలేదు.

“నేనే సేసినానా సార్? అది తెలిస్తే సాలు.”

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

“కాదమ్మా. లోపల గాయం మానేటప్పుడు మచ్చ కట్టి గట్టిపడుతుంది. సైకిల్ ట్యూబుకు ఒక పక్క ప్యాచీ వేసి గాలి కొడితే ఎటు వంగుతుంది? ఇదీ అంతే. చాలామందికి దెబ్బ ఎప్పుడు తగిలిందో కూడా తెలియదు. షుగరున్నవాళ్ళలో ఎక్కువ. ఏ పొడితోనూ రాదు.”

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

“అంటే ఆ పొడికి ఏ పవరూ లేదన్నమాట. బంగారట్లా కోడి పాయె.”

భార్య పెట్టిన మందు వల్ల కాదని తెలుగులో రాసిమ్మంది. డాక్టరు నవ్వుతూ రాశాడు. ఆమె ప్రతి అక్షరం మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

మొదట్లోనే వచ్చి ఉంటే మాత్రలో, మచ్చలోకి సూదిమందో ఇచ్చి చూసేవాళ్ళమని డాక్టరు చెప్పాడు. నొప్పి పోయి, ఏడాదిగా వంకర కదలకుండా ఉంది కాబట్టి ఇప్పుడు ఆపరేషనే మేలన్నాడు. రెండో పక్క కుట్లు వేసి సరిచేస్తారట.

“వచ్చే మంగళవారం ఆయన్ను తీసుకొని రండి. మీ తప్పేం లేదని నేనే చెప్తాను.”

రామలక్ష్మమ్మ చీటీ మడిచి రవికలో పెట్టుకుని, నుదుటి బొట్టు ఊడదీసి అట్టకు తిరిగి అతికిస్తూ అంది: “నేనే సదివి వినిపిస్తా సార్, పదకొండేళ్ళుగా ఆయన తద్దినానికి వాళ్ళక్కే వండి పెడతాండాది, ఈ ఏడు నా సేత్తో నేనే వండి పెడతా.”