నవ్వుతూ విన్నారు

"మీ అబ్బాయి సావాసాలు బాగాలేవు," అంది కౌన్సిలర్ సూటిగా. "మత్తుమాత్రలు అమ్మేవాళ్ళతో తిరుగుతున్నాడు. ఇప్పుడే పట్టుకోకపోతే చెయ్యి దాటిపోతాడు."

ఎదురుగా సోఫాలో తల్లి, తండ్రి. మధ్యలో పదిహేనేళ్ళ కొడుకు. వాళ్ళ పేట పిల్లలకు ఆ ముప్పు ఎక్కువని, ఇంటిల్లిపాదికీ కౌన్సిలింగ్ ఇమ్మని స్కూలువాళ్ళే పంపారు.

తల్లి మొహం విప్పారింది. కొడుకు తల నిమిరింది. లాండ్రీలో పనిచేసే తండ్రి, నీళ్ళలో నానిన చేతుల్తో కౌన్సిలర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. కొడుకు నేలచూపులు చూస్తున్నాడు.

కౌన్సిలర్‌కి ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుంది.

"వాడి జేబులు, సంచీ వెతుకుతుండండి. చేతికి డబ్బివ్వకండి."

"అలాగే, కనిపెట్టి ఉంటాం" అని జవాబొచ్చింది.

ఆ సాయంత్రమే తండ్రి కొడుక్కి కొత్త బూట్లు కొన్నాడు. చేతిఖర్చుకి కాస్త ఎక్కువే ఇచ్చాడు.

ప్రతి వారం ఇదే వరస. తండ్రి పని మానుకుని మరీ వచ్చేవాడు. తల్లి ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకొచ్చేది. కౌన్సిలర్ చెప్పేకొద్దీ వీళ్ళు మురిసిపోయేవాళ్ళు.

ఒకరోజు చెబుతూ చెబుతూ కౌన్సిలర్‌కే కళ్ళనీళ్ళు తిరిగాయి. "వాడు మాత్రలు మింగడం మొదలుపెట్టాడమ్మా. ఇలాగే వదిలేస్తే మీకు దక్కడు."

తల్లికీ కళ్ళు చెమర్చాయి. లేచి వచ్చి ఆవిడను గట్టిగా కౌగిలించుకుంది. తాను అల్లిన ఊలు శాలువా భుజాల చుట్టూ కప్పింది.

"వీళ్ళ జనమే అంత!" అంది కౌన్సిలర్, వాళ్ళు వెళ్ళాక పక్క గదిలో ఉద్యోగినితో. "పిల్లాడు పాడైపోతున్నాడు మొర్రో అంటే, శాలువా కప్పి పోతారా? ఇంతకంటే గోడకు చెప్పుకోవడం నయం."

చలికాలం మొదట్లో వాడు బస్‌స్టాపులో కుప్పకూలాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

వాళ్ళ వైపు నుంచే వచ్చిన ఒక నర్సు తల్లిని పొదివి పట్టుకుంది. "కౌన్సిలింగ్‌కి వెళ్తున్నారట కదక్కా, అక్కడావిడ ఏమీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు చెల్లీ!" తల్లి గుండెలు బాదుకుంది. "క్లాసులో వీడే మొదటివాడంది. ఇలాంటి కొడుకుని కన్నందుకు మీరు అదృష్టవంతులంది. వెళ్ళిన ప్రతిసారీ పొగిడిందే!"

కౌన్సిలింగ్ ఆఫీసువాళ్ళు దుబాసీని పెట్టకపోవడంతో, కౌన్సిలర్ మాటలన్నీ వాళ్ళ భాషలోకి తిప్పి చెప్పింది మధ్యలో కూర్చున్న ఆ కొడుకే.