నాచు తీసే నీటికోడి

పొగమంచు కొలనులో నాచు తీసే నీటికోడికి కొంగదొర రోజూ నాలుగు చేపలిచ్చేవాడు. చలిదేశపు బాతులు వలసొచ్చాక రెండే ఇచ్చాడు. "చాలకపోతే మానెయ్యి, వాళ్ళు చేస్తారు" అన్నాడు.

నీటికోడికి ఒళ్ళు మండింది. వాళ్ళను తరిమేద్దామని మంచులో తేలుతూ రెల్లుపొదల దాకా వెళ్ళింది. అక్కడొక బాతు నీళ్ళమీదే కునుకుతోంది.

"రెండు చేపలకే ఎందుకు ఒప్పుకున్నావే?"

"మాకిక్కడ గూడు కట్టే హక్కు లేదక్కా. మూడోది అడిగితే దొర వెళ్ళగొట్టిస్తానన్నాడు."

నీటికోడి కోపం ఎటుపోయిందో దానికే తెలియలేదు. మర్నాడు పక్షుల సభలో, "వీళ్ళకూ గూళ్ళ హక్కివ్వండి" అంది. సొంతవాళ్ళే "ద్రోహీ!" అని అరిచారు. అయినా ఒక్క రెక్క ఎక్కువ లేచి, మాట నెగ్గింది.

ఆ సాయంత్రం దొర రెండు చేపలు పడేస్తే బాతు ముట్టలేదు.

"నాలుగు" అంది.

దొర నీటికోడివైపు తిరిగాడు.

"నాకూ నాలుగే" అంది నీటికోడి.

దొర తీసేవాళ్ళు లేని నాచువైపు చూసి, ఇంకొన్ని చేపలు పట్టడానికి వెళ్ళాడు.