చివరి గదికి మీగడ పెరుగు

వంశధార ఒడ్డున కొండ మీదున్న పాత బౌద్ధ విహారానికి నరసింగరావు రాత్రి వాచ్‌మన్. రోజూ చీకటి పడ్డాక భార్య గౌరి క్యారేజీ తెస్తుంది. అందులో అతనికి పలచటి మజ్జిగే. మీగడ పెరుగన్నం గిన్నె మాత్రం కొంగు చాటున పట్టుకుని, ఒకప్పుడు భిక్షువులుండే గదుల వరసలో చివరిదాంట్లోకి వెళ్తుంది. ఖాళీ గిన్నెతో తిరిగొస్తుంది. కొన్నాళ్లుగా చూస్తున్నాడు. ఒళ్లు మండిపోతోంది. ఎవడు వాడు?

ఈ రాత్రి తనే ముందు వెళ్లి చివరి గదిలో మాటేశాడు. కప్పు ఎప్పుడో కూలిపోయింది. మిగిలింది నిలువెత్తు ఇటుక గోడలు, ఒకే ఒక్క గుమ్మం, ఒక భిక్షువు పడుకునేంత చోటు. టార్చి వేసి మూలమూలా చూశాడు. ఎవరూ లేరు. వాడొస్తే గుమ్మంలోనే పట్టుకోవాలని లైటార్పి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

గాలి ఆగిపోయింది. గౌరి మెట్టెల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"ఎవుడికే ఆ మీగడ?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఆమె ఉలిక్కిపడలేదు.

"నువ్వూ ఇక్కడే ఉన్నావేటి బావా? కాసింత జరుగు. ఆయనకి ఇరుకైపోతన్నాది."

వంగి, గిన్నెను అతని భుజం పక్కన చీకట్లో పెట్టింది.

నరసింగరావు కదల్లేదు. పక్కనుంచి, నింపాదిగా, ఎవరో అన్నం పిసుకుతున్న చప్పుడు.

గౌరి మురిపెంగా నవ్వింది. అతన్ని చూసి కాదు.